అన్నం ఇవ్వనిది చిరుతిండి ఇవ్వాలి: గోదావరి డెల్టా ఇళ్ళకు రోజువారీ చిరుతిళ్ళ మార్గదర్శి

మా కోనసీమలో సాయంత్రం నాలుగింటికి ఎవరింటి అరుగు ఎక్కినా పళ్ళెం వచ్చేస్తుంది. నాలుగు జంతికలు, రెండు చేగోడీలు, ఒక మడత కాజా. ముట్టుకోకపోతే "ఏంటండీ, మా ఇంటి తిండి నచ్చదా?" అని నొచ్చుకుంటారు. ఆ మర్యాద మీద నాకేం కోపం లేదు. కానీ ఆ పళ్ళెంలో ఏముందో ఒక్కసారి పిండి లెక్కన చూడండి. జంతికల్లో ఎక్కువ భాగం బియ్యప్పిండి. చేగోడీ బియ్యప్పిండి. కాజా మైదా. పొద్దున తిన్న ఇడ్లీలో బియ్యం రవ్వ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారిన చోటల్లా వరే అయ్యింది. కంచం నిండా అన్నం రావడం ఈ నేల అదృష్టం. చిక్కల్లా ఎక్కడంటే, చిరుతిండి పేరుతో కూడా మనం మళ్ళీ ఆ అన్నాన్నే నూనెలోనో పాకంలోనో ముంచి తింటున్నాం.

అత్తయ్యగారికి షుగర్ వచ్చాక, ఇద్దరు పిల్లలు బడి నుంచి రాగానే ప్యాకెట్ల కోసం అలమర వెతకడం మొదలెట్టాక, నేను ఒకే సూత్రం పెట్టుకున్నాను. మూడు పూటలా అన్నం ఇవ్వనిది ఏదో అది చిరుతిండి ఇవ్వాలి. అంటే పప్పులోని మాంసకృత్తులు, పండులోని పీచు, గింజల్లోని మంచి కొవ్వు. కింద చెప్పేదంతా ఆ సూత్రాన్ని ఇంట్లో ఎలా అమలు చెయ్యాలన్నదే.

మొదటి పని: మూడు రోజులు రాసిపెట్టండి

గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ గడుల్లోనే రాయండి. భోజనానికీ భోజనానికీ మధ్య నోట్లో పడ్డ ప్రతిదీ, టీతో సహా. ఏదీ మానకండి, మార్చకండి, ఉన్నదున్నట్టు రాయండి. మూడు రోజుల్లో ఒక ఆదివారం ఉండేలా చూసుకోండి, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఆదివారం తిండి లెక్కే వేరు.

మా ఇంట్లో ఇది చేసినప్పుడు నేను జంతికల డబ్బా దగ్గర దొంగ దొరుకుతాడనుకున్నాను. దొరికింది టీ గ్లాసు దగ్గర. మావయ్యగారు రోజుకి మూడు టీలు తాగుతారు, గ్లాసుకి రెండు చెంచాల పంచదార. చెంచా నాలుగైదు గ్రాములనుకుంటే ఆరు చెంచాలు 24 నుంచి 30 గ్రాములు. విడిగా కలిపే చక్కెర రోజు మొత్తం మీద 50 గ్రాములు దాటకూడదనీ, 25 లోపు ఉంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆయన కాజా ముట్టకుండానే ఆ గీత దగ్గరకి వచ్చేశారు. ఇక నా గడిలో ఏముందంటే, పిల్లలు కొరికి వదిలేసిన బిస్కెట్లు. పారెయ్యడానికి చెయ్యి రాక తిన్నవే, రోజుకి ఐదారు. రాస్తే తప్ప అవి నాకు గుర్తే లేవు.

రెండో పని: ఆకలా, తోచకపోవడమా

గ్లాసుడు మంచినీళ్ళో పల్చటి మజ్జిగో తాగి పది నిమిషాలు ఆగండి. అప్పటికీ కడుపు అడుగుతుంటే అది ఆకలే, తినండి. సీరియల్ వచ్చే వేళకి మాత్రమే వేసే ఆకలి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడో పని: మూడు ప్రశ్నల జల్లెడ

ఏ చిరుతిండిని చూసినా ఈ మూడూ అడగండి. ఇందులో పప్పు, గింజ, గుడ్డు, పాలు లాంటిది ఏదైనా ఉందా? పండో దుంపో పొట్టుతో ఉన్న గింజో, అంటే పీచు ఉందా? ఇది నూనెలో గానీ పాకంలో గానీ మునిగి తేలిందా? మొదటి రెండింట్లో ఒక్కదానికైనా "ఉంది" అనిపించి, మూడోదానికి "లేదు" అనిపిస్తే అది రోజూ తినే తిండి. లేకపోతే అప్పుడప్పుడు తినే తిండి. తినకూడని తిండి అని నేను దేన్నీ అనను, అంటే మా ఇంట్లో ఎవరూ నా మాట వినరు.

జల్లెడ పట్టి చూద్దాం. ఉడకబెట్టిన శనగలు నెగ్గాయి. జామకాయ నెగ్గింది. గారెలో మినప్పప్పు ఉంది కానీ నూనెలో మునిగింది, కాబట్టి అప్పుడప్పుడు. మరమరాలు నూనెలో మునగలేదు, తేలిగ్గానూ ఉంటాయి, కానీ అవి ఉబ్బించిన బియ్యమే. వాటిలో గుప్పెడు వేయించిన శనగలు, వేరుశెనగ గుళ్ళు, పచ్చి ఉల్లిపాయ, మామిడికాయ కోరు, నిమ్మరసం కలిపితే అప్పుడు నెగ్గుతాయి. అటుకుల సంగతీ అంతే. సున్నుండ దగ్గర కొంచెం తకరారు వస్తుంది. పొట్టు మినుములు మంచివే, నెయ్యి బెల్లం మాత్రం దండిగా పడతాయి. పొలానికి వెళ్ళి ఊడ్పులు ఊడ్చి వచ్చిన మనిషికి అది సరైన తిండి. రోజంతా కౌంటర్ దగ్గర కూర్చునే మనిషికి సగం చాలు.

"బెల్లమే కదా, పంచదార కాదు కదా" అనే మాట ఇక్కడే వస్తుంది. బెల్లంలో కాస్త ఇనుము, కొన్ని ఖనిజాలు ఉంటాయి, నిజమే. కానీ అందులో అత్యధిక భాగం చక్కెరే, కేలరీల్లో పంచదారకీ దానికీ పెద్ద తేడా లేదు. షుగర్ ఉన్నవాళ్ళు బెల్లం పేరు చెప్పి రెండో అరిసె తీసుకోవడం తమని తాము మోసం చేసుకోవడమే. ఈ మాట అత్తయ్యగారికి నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

నాలుగో పని: కాలాన్ని బట్టి బుట్ట నింపండి

దీన్ని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనకున్న సుఖం ఇదే. ఊరి సంతలో, కాలవ గట్టు మీద, రోడ్డు పక్కన దొరికేదాన్ని నెలల వారీగా చూసుకుంటే ప్యాకెట్ల అవసరం సగం పోతుంది.

ఎండలు ముదిరాక తాటిముంజలు వస్తాయి. దాదాపు అంతా నీరే, కేలరీలు బాగా తక్కువ. ఉదయం కోసినవి మధ్యాహ్నంలోపు తినెయ్యాలి. ముంజ గట్టిపడి కొబ్బరిలా తగిలితే ముదిరిపోయిందని, అది పిల్లలకి సరిగా అరగదు. అదే రోజుల్లో మామిడి, ఆ వెనకే పనస వస్తాయి. పనస తొనలు తీపే, నాలుగైదు చాలు. పిక్కల్ని మాత్రం పారెయ్యకండి. ఉప్పు వేసి ఉడకబెట్టి పొట్టు తీస్తే సాయంత్రానికి కడుపు నింపే తిండి. పనసాకుల బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు తినాలంటే అంబాజీపేట వైపు వెళ్ళాలి. ఆవిరి తిండి కనుక బజ్జీ బదులు అవి రెండు తినడం ఎప్పుడూ మేలే, వాటితోపాటు వేసే చట్నీలో కొబ్బరి ఎంత ఉందో కూడా చూసుకోండి.

వానలు పడ్డాక మొక్కజొన్న పొత్తులు. బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్క రుద్దించుకోండి, ఆ ఉప్పూ కారం ముద్దలో నిమ్మచెక్కని ఎన్నిసార్లు ముంచుతున్నారో చూసి ఒక్కసారి చాలని చెప్పండి. శ్రావణంలో వాయనాల శనగలు కుప్పలు పడతాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక మొక్కుబడిగా పంచిపెట్టే ఇళ్ళు నాకు తెలుసు. ఆ నెలంతా అవే మీ చిరుతిండి.

చలికాలం తేగలది, అంటే తాటి మొలకలది. కుండలో పేర్చి తంపటి వేసి కాల్చినవి దొరికితే మరీ మంచిది, లేకపోతే ఉడకబెట్టినవి. నమలడానికి ఓపిక కావాలి, ఆ పీచే దాని గొప్ప. ఒక్క తేగ తినేసరికి పావుగంట పడుతుంది, ఈలోపు కడుపుకి నిండిన సంగతి తెలుస్తుంది. చీల్చగానే లోపల కనిపించే చందమామ (లేత మొలక) కోసం మా పిల్లలు ఇప్పటికీ కొట్టుకుంటారు. చిలగడదుంప కూడా ఈ రోజుల్లోనే. తొక్కతో ఉడకబెట్టండి, చక్కెర పాకం వద్దు, దానికున్న తీపి దానికి చాలు.

ఏడాది పొడుగునా దొరికేవి అరటి, జామ, కొబ్బరిబొండం. రావులపాలెం అరటి మార్కెట్ మనకింత దగ్గర్లో ఉండగా అరటిపండు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. చక్కెరకేళి తీపి ఎక్కువ, ఒకటి చాలు. మరీ మచ్చలు పడి మెత్తబడ్డ దానికంటే అప్పుడే పండినది నెమ్మదిగా అరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్ళు అలాంటిది సగం తీసుకుని నాలుగు వేరుశెనగ గుళ్ళతో కలిపి తింటే నయం. జామలో విటమిన్ సి బత్తాయి కంటే బాగా ఎక్కువ. గింజలతో, తొక్కతో తినండి, జ్యూస్ చెయ్యకండి. ఏ పండైనా జ్యూస్ చేసి వడగడితే పీచు పిప్పిలో పోతుంది, చక్కెర గ్లాసులోకి వస్తుంది. చెరుకు రసం సంగతీ ఇంతే. బొండం నీళ్ళు ఎండలో తిరిగొచ్చినవాళ్ళకి అమృతం. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తాగకూడదు. కొబ్బరి దింపు తీసే రోజున మనిషికి మూడేసి బొండాలు కొట్టి ఇస్తారు మా వైపు, వద్దనడానికి మొహమాటపడకండి.

ఐదో పని: ఆదివారం గంటన్నర కేటాయించండి

ఆకలేసినప్పుడు ఏం తినాలా అని ఆలోచిస్తే చెయ్యి ప్యాకెట్ మీదకే పోతుంది. చేతికి అందే ఎత్తులో ఏముందో అదే తింటాం. అందుకని వారానికి సరిపడా ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. నేను చేసేవి ఇవి.

గుగ్గిళ్ళు: నల్ల శనగలు 200 గ్రాములు, అంటే పెద్ద గ్లాసుడు, రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్ళు మార్చి కుక్కర్లో నాలుగు కూతలు రానివ్వండి. వేళ్ళ మధ్య నలిపితే నలగాలి, చిట్లిపోకూడదు. చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. దించాక రెండు చెంచాల కొబ్బరి కోరు, నిమ్మకాయ. నలుగురికి వస్తుంది. మనిషికి దాదాపు 9 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి, ఒక కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములు. నిమ్మరసం రుచికే కాదు, శనగల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి అందులోని విటమిన్ సి సాయపడుతుంది. టీ దీనికి ఎదురు పనిచేస్తుంది, ఇనుమును పట్టనివ్వదు. గుగ్గిళ్ళు తింటూ టీ తాగే అలవాటుంటే రెండింటికీ మధ్య గంట దూరం పెట్టండి. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క మార్పూ తప్పనిసరి. ఒక రోజు శనగలు, ఒక రోజు అలసందలు, ఒక రోజు పెసలు అని మారిస్తే విసుగు రాదు. నానబెట్టినవి ఫ్రిజ్‌లో రెండు రోజులుంటాయి.

వడపప్పు: శ్రీరామనవమి నాడు మాత్రమే గుర్తొచ్చే తిండి. ఎందుకో నాకు అర్థం కాదు. పొయ్యి వెలిగించక్కర్లేదు. పెసరపప్పు గంట నానితే చాలు. కొబ్బరి ముక్కలు, పచ్చిమిర్చి, దొరికితే మామిడికాయ ముక్కలు, చిటికెడు ఉప్పు. వేసవి మధ్యాహ్నాలకి దీన్ని మించింది లేదు. నానినది ఆ పూటకే, మిగిలితే రాత్రి పెసరట్టులో కలిపెయ్యండి.

చిమ్మిలి: నాగులచవితికి చేసే కొలతలో నువ్వులూ బెల్లం సమానంగా పోస్తాం. రోజువారీకి నేను రెండు గ్లాసుల నువ్వులకి ఒక గ్లాసు బెల్లం వేస్తాను. ఉండ కట్టడానికి అది చాలు. పొట్టుతో ఉన్న నువ్వులే తీసుకోండి, కాల్షియం ఎక్కువగా ఉండేది ఆ పొట్టులోనే. పొట్టు తీసిన తెల్ల నువ్వులు చూడ్డానికి బాగుంటాయి, అంతే. సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేయించి, చల్లారాక బెల్లంతో కలిపి దంచాలి. నిమ్మకాయంత ఉండ, రోజుకి ఒకటి.

దిబ్బరొట్టె: బజ్జీ తినాలనిపించే వాన సాయంత్రానికి ఇదే నా జవాబు. మినప్పప్పు గ్లాసుడు నానబెట్టి గట్టిగా రుబ్బి, గ్లాసున్నర బియ్యం రవ్వ కడిగి నీళ్ళు పిండేసి అందులో కలిపి మూడు నాలుగు గంటలు వదిలెయ్యండి. మామూలుగా రవ్వ రెండు గ్లాసులు పోస్తారు, పప్పు పాలు పెంచడానికి నేను తగ్గించాను. మందపాటి మూకుడులో రెండు చెంచాల నూనె, అంగుళం మందాన పిండి, మూత, సన్నసెగ. ఇరవై నిమిషాలు దాని జోలికి వెళ్ళకండి. అడుగు ఎర్రగా పెచ్చు కట్టాక తిరగెయ్యండి. బజ్జీ కరకర కోరుకునేవాళ్ళకి ఆ పెచ్చు సరిపోతుంది. దీన్ని చెరుకు పానకంతో తినడం మా వైపు అలవాటు. రోజూ కాదు, సంక్రాంతి నెలలో మాత్రం నేనూ అలాగే తింటాను.

ఇవి కాక ఒక డబ్బాలో వేయించిన వేరుశెనగ గుళ్ళు, ఒక డబ్బాలో పొట్టుతో వేయించిన శనగలు ఎప్పుడూ ఉండాలి. గుళ్ళు గుప్పెడు అంటే 30 గ్రాములు, 170 కేలరీల దాకా ఉంటాయి, మాంసకృత్తులు ఏడు గ్రాములు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మూడు గుప్పెళ్ళు పోయినట్టు తెలియదు. గిన్నెలో పోసుకుని డబ్బా మూత పెట్టి వచ్చి కూర్చోండి.

ఆరో పని: ప్యాకెట్‌ని వెనక నుంచి చదవండి

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అత్తయ్యగారి కోసమని ఎనిమిది నెలలపాటు ఒక బిస్కెట్ ప్యాకెట్ తెచ్చాను. ముందు వైపు గోధుమ కంకులు, ఓట్స్ బొమ్మ, పెద్ద అక్షరాల్లో మల్టీగ్రెయిన్ అని. ఒకరోజు కరెంటు పోయి తోచక వెనక్కి తిప్పి చదివాను. మొదటి పదార్థం రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, అంటే మైదా. రెండోది పంచదార. మూడోది పామ్ ఆయిల్. ఓట్స్ ఎక్కడో కింద, రెండు శాతం.

మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాల్ని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలని చట్టం. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే చాలు, ముక్కాలు కథ తెలిసిపోతుంది. పంచదార అన్న మాట కనబడకపోయినా లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అన్నా అదీ చక్కెర కుటుంబమే. మాల్టోడెక్స్ట్రిన్ పిండి నుంచి తీసిందే అయినా రక్తంలో చక్కెరని గబుక్కున పెంచుతుంది. హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అంటే వనస్పతి. దాన్లోని ట్రాన్స్ ఫ్యాట్ గుండెకి చేటు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది రెండు శాతం దాటకూడదని నియమం వచ్చింది, అయినా ఆ పేరు కనిపిస్తే నేను ప్యాకెట్ అక్కడే పెట్టేస్తాను.

తర్వాత అంకెలు. అవి 100 గ్రాములకి రాసి ఉంటాయి, మన చేతిలో ఉన్నది 50 గ్రాముల ప్యాకెట్టో 75 గ్రాములదో. లెక్క కట్టుకోవాలి. ఉదాహరణకి 100 గ్రాములకి చక్కెర 25 గ్రాములని ఉంటే 75 గ్రాముల ప్యాకెట్టులో దాదాపు 19 గ్రాములు, అంటే నాలుగు చెంచాలు. ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణించండి. 100 గ్రాముల మిక్స్చర్‌లో 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటే రెండు గ్రాముల ఉప్పు తిన్నట్టు. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన ఆవకాయ, మన అప్పడం, మన ఎండుచేప ఆ ఐదులో తమ వాటా ముందే తీసేసుకుంటాయి, మిక్స్చర్‌కి మిగిలేది ఎంత?

షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్‌లో పంచదార లేకపోవచ్చు, మైదా, నూనె ఉన్నాయి. బేక్డ్ అన్నంత మాత్రాన నూనె లేనట్టు కాదు. పాలలో కలుపుకునే పొడులకి హెల్త్ డ్రింక్ అనే మాట వాడే విషయంలో 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకి ఒక సూచన పంపింది. ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే వర్గమే లేదు కాబట్టి ఆ పేరు కింద వాటిని పెట్టొద్దని. ప్యాకెట్ ముందు వైపు మాటలన్నీ అలాంటివే. ఊళ్ళో చేసి కవర్లలో కట్టి అమ్మే జంతికల మీద ఈ వివరాలేవీ ఉండవు. అవి కొనేటప్పుడు ఒకటి నలిపి వాసన చూడండి, చేతికి నూనె ఎంత అంటిందో చూడండి.

ఏడో పని: బండి దగ్గర ఎలా నిలబడాలి

మానేయమని చెప్పను. వెళ్ళడానికి ఒక వేళ ఉంది, అది మొదటి వాయి. నాలుగున్నరకి నూనె తాజాగా ఉన్నప్పుడు తినండి, ఏడున్నరకి అదే మూకుడు నల్లగా, చిక్కగా, పైన నురగ కట్టి ఉంటుంది. మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో ఒంటికి పడని పదార్థాలు తయారవుతాయి. పొగ కళ్ళు మండిస్తుంటే, నిన్నటి నూనెలోనే కొత్త నూనె కలుపుతుంటే వెనక్కి వచ్చెయ్యండి. మా ఊరి కూడలిలో బండాయన్ని ఒకసారి "నూనె ఎప్పటిదండీ?" అని అడిగాను. "ఇవాళ పొద్దున్నే పోశానండీ, మొన్నటిదాంట్లో" అన్నాడు. నిజాయితీపరుడు, కానీ ఆ రోజు నేను తినలేదు.

ఉన్నవాటిలో శనగపప్పుతో చేసే మసాలా వడ మేలు, రెండు. పునుగుల్లో మైదా కలుపుతారు, చిన్నగా ఉంటాయి కాబట్టి లెక్క తప్పుతుంది. న్యూస్ పేపర్లో పొట్లం కట్టనివ్వకండి. అచ్చు సిరా వేడి నూనెకి ఆహారంలోకి దిగుతుందని 2016లోనే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. అరటాకు ముక్క అడిగితే మన వైపు ఇవ్వనివాడు ఉండడు. పక్కనే ఉడకబెట్టిన వేరుశెనగకాయల బండి ఉంటే ఇంత చెప్పే పనే లేదు.

ఎనిమిదో పని: పూతరేకులు, కాజాలు

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరం సంతోషించాం. రేకు పల్చనే, తేలికే, కానీ లోపల పొడి పంచదారో బెల్లమో, నెయ్యి ఉంటాయి. బంధువులు తెచ్చిన పెట్టె ఇంట్లో ఉంటే రోజూ ఒకటి చొప్పున పది రోజులు తినేస్తాం. మా ఇంట్లో పెట్టె వచ్చిన రోజే విప్పి, మనిషికొకటి తిని, మిగిలినవి పక్కిళ్ళకి పంపేస్తాం. భోజనం అయ్యాక తింటే ఒకటితో తృప్తి పడతారు, ఖాళీ కడుపున తింటే పడరు. వచ్చినవాళ్ళకి పెట్టే పళ్ళెంలో ఒక స్వీటు, ఒక కారం ఉంచండి, రెండో స్వీటు స్థానంలో జామ ముక్కలో గుగ్గిళ్ళో పెట్టండి. మొదట్లో వింతగా చూస్తారు. తర్వాత ముందు ఖాళీ అయ్యేది అదే.

తొమ్మిదో పని: ఎవరికి ఎంత

నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి గుళ్ళు, శనగలు గింజల్లా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. పొడి చేసి అన్నంలోనో ఉండలోనో కలపండి. బడికి వెళ్ళే పిల్లల విషయంలో ముందు బడిలో ఏం తిన్నారో అడగండి. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడున్న పేరు మన లంకల గన్నవరంలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మగారిది. గుడ్డు, చిక్కీ అక్కడే పెడతారు. చిక్కీ తిన్న రోజు సాయంత్రం మళ్ళీ బెల్లం ఉండ అక్కర్లేదు, పండు చాలు. చిక్కీ, తాండ్ర పంటికి అంటుకుంటాయి కాబట్టి తిన్నాక పుక్కిలించే అలవాటు చెయ్యండి.

షుగర్ ఉన్నవాళ్ళకి గుగ్గిళ్ళు, వేయించిన శనగలు, ఉడికిన గుడ్డు, మజ్జిగ నిశ్చింతగా పెట్టవచ్చు. ఇన్సులిన్ గానీ చక్కెర పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్ళు మాత్రం చిరుతిండి వేళని సొంతంగా మార్చకూడదు, డాక్టర్ చెప్పినట్టే తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి పప్పులు కూడా కొలతతోనే. గర్భిణులు పచ్చి మొలకలు తినకుండా ఆవిరి పట్టినవి తింటే మంచిది. పళ్ళు లేని పెద్దవాళ్ళకి శనగలు కష్టం, వాళ్ళకి పెసలు మెత్తగా ఉడికించి, లేదా చోడి (రాగి) జావలో మజ్జిగ కలిపి ఇవ్వండి. పొలంలో, రొయ్యల చెరువు గట్టు మీద ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకి ఈ కొలతలన్నీ రెట్టింపు చేసుకోవచ్చు, రెండు చిమ్మిలి ఉండలు వాళ్ళకి ఎక్కువేం కాదు.

చివరి పని: నిల్వ

మన గాలిలో తేమ ఎక్కువ, ఈ పని మీద అశ్రద్ధ పనికిరాదు. వేయించిన గుళ్ళు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యండి, వేడి మీద మూత పెడితే లోపల చెమర్చి బూజు పడుతుంది. వేరుశెనగకి పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాలేయానికి హాని, వేయించినా పూర్తిగా పోదు. అందుకని కొనేటప్పుడే రంగు మారినవి, ముడతలు పడ్డవి, పచ్చగా నల్లగా మచ్చలున్నవి ఏరి పారెయ్యండి. వానాకాలంలో నెలకి సరిపడా కొనకండి, పావుకిలో చొప్పున తెచ్చుకోండి. మెత్తబడిన గుళ్ళు సన్నసెగ మీద ఐదు నిమిషాలు తిప్పితే మళ్ళీ కరకరలాడతాయి, కానీ ముక్కిపోయిన వాసన వచ్చినవాటిని తిప్పినా లాభం లేదు. కొబ్బరి కోరు కలిపినది ఏదైనా ఆ పూటే. చిమ్మిలి గాజు సీసాలో పది రోజులుంటుంది, తడి చెంచా తగలకపోతే. నములుతున్నప్పుడు ఒక్క వేరుశెనగ గింజ చేదు తగిలితే మింగకండి, ఉమ్మేసి నోరు పుక్కిలించి, ఆ డబ్బాని వెలుతుర్లోకి తెచ్చి పళ్ళెంలో ఒంపి చూడండి.